తాతయ్య కారుకి ముందు బ్రేకులు, ఆ తర్వాతే చక్రాలు

చిన్నూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. తాతయ్య కారుని బయటికి తీసి, దుమ్ము దులిపి, ఇంజన్ స్టార్ట్ చేశావంటే ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నువ్వు ఎంచుకున్న ఆ వెడల్పాటి అల్లాయ్ రిమ్ములు బాగున్నాయి, కాదనను. కానీ వాటిని ఇప్పుడే కొనకు. బ్రేకుల పని మొత్తం అయ్యాకే చక్రాల సంగతి చూడు. ఎందుకంటున్నానో ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు పెట్టాలని ఉందన్నావు. పాత కారు 13 అంగుళాల రిమ్ములో ఇప్పుడున్న డ్రమ్ము హాయిగా పట్టేస్తుంది. డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే గిన్నె, లోపలి నుంచి షూలు ఒత్తుకుని దాన్ని ఆపుతాయి. అక్కడ డిస్కు, దాన్ని రెండు వైపులా ప్యాడ్లతో నొక్కి పట్టే కాలిపర్ కూర్చున్నాక రిమ్ము లోపల ఎంత చోటు మిగులుతుందో బిగించి చూస్తేగానీ తెలియదు. కొన్ని కిట్లకి 14 అంగుళాల రిమ్ము లేకపోతే కుదరదు. కొన్నిటితో చక్రాన్ని బిగించే హబ్బు కూడా మారి చక్రం కొన్ని మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. ముందే రిమ్ములు కొనేస్తే, వాటికి సరిపోయే బ్రేకులు వెతుక్కునే పరిస్థితి వస్తుంది. అది తలకిందుల వ్యవహారం.

డిస్కుల కంటే ముందు చెయ్యాల్సిన పని ఇంకొకటుంది. ఇప్పుడున్న బ్రేకుల్ని పూర్తిగా విప్పి చూడు. డ్రమ్ము తీశాక, షూలని బయటికి నెట్టే వీల్ సిలిండర్ రెండు చివర్ల రబ్బరు తొడుగుల్ని కొంచెం వెనక్కి లాగు. లోపల తడి కనిపిస్తే సీళ్ళు పోయినట్టే. బ్రేక్ ఆయిల్ పీల్చిన లైనింగుని, అంటే షూల మీది రాపిడి పొరని, కడిగి వాడొద్దు, మార్చెయ్. డ్రమ్ము ఎంతవరకు అరగొచ్చో చాలా కార్లలో దాని మీదే అచ్చేసి ఉంటుంది, లేదంటే మాన్యువల్లో ఉంటుంది, కొలిచి చూసుకో. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెబుతున్నాను. ఆ కాలం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ములోని పొడిని గాలి కొట్టి ఊదొద్దు, పొడి బ్రష్షుతో దులపొద్దు. తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని సంచిలో మూటకట్టి పారెయ్. మంచి మాస్కు లేకుండా డ్రమ్ము విప్పకు.

తర్వాత చక్రాల దగ్గరికి బ్రేక్ ఆయిల్ తీసుకెళ్ళే రబ్బరు హోస్ పైపులు. పైకి పగుళ్ళు లేవు కదా అని వదిలెయ్యకు. పాత రబ్బరు హోస్ లోపల ఉబ్బిపోతుంది. తొక్కినప్పుడు ఆ ఒత్తిడికి ఆయిల్ ముందుకు పోతుంది, కాలు తీశాక వెనక్కి రాదు. దాంతో ఒక చక్రం పట్టేసినట్టు వేడెక్కుతూ, కారు ఒక పక్కకి లాగుతూ ఉంటుంది. చాలామంది ఆ లక్షణం చూసి కాలిపరో వీల్ సిలిండరో పోయిందనుకుని దాన్నే మారుస్తారు, జబ్బు మాత్రం పోదు. వయసు తెలియని హోస్ ఏదైనా సరే, మార్చడమే మంచిది.

ఆయిల్ వెళ్ళే ఉక్కు లైన్లు, అంటే సన్న గొట్టాలు, తుప్పు పట్టి ఉంటే రాగి-నికెల్ మిశ్రమం లైన్లు వేయించు. అవి తుప్పు పట్టవు, చేత్తోనే వంచుకోవచ్చు. చివర్లని మాత్రం పాత లైనుకి ఏ రకం ఫ్లేర్ (విచ్చదీసిన అంచు) ఉందో అదే రకంగా చెయ్యాలి. ఒకే పొరతో ఉండే సింగిల్ ఫ్లేర్ బ్రేక్ ఒత్తిడికి ఆగదు. నట్ల మరల విషయంలో ఇంకా జాగ్రత్త. పాత కార్లలో అంగుళాల కొలతలో 3/8 సన్న మర ఎక్కువగా కనిపిస్తుంది. కొత్త కిట్లలో 10 మిల్లీమీటర్ల మర ఉండొచ్చు. చూపుకి రెండూ ఒకటే. అంగుళాల నట్టు మిల్లీమీటర్ల రంధ్రంలోకి వదులుగా ఎక్కుతుంది కూడా. బలంగా తొక్కిన రోజున ఊడిపోతుంది. వేళ్ళతోనే సాఫీగా, ఊగకుండా తిరిగితేనే అది దాని జత అని నమ్ము.

ఇవన్నీ చేసి, షూలు సరిగ్గా అడ్జస్ట్ చేశాక ఒకసారి నడిపి చూడు. నువ్వే ఆశ్చర్యపోతావు. మంచి స్థితిలో ఉన్న డ్రమ్ బ్రేకు కూడా చక్రాన్ని పూర్తిగా ఆపగలదు. ఆపైన కారు ఎంత దూరంలో ఆగుతుందనేది టైరు పట్టుని బట్టి ఉంటుంది. డ్రమ్ము అసలు బలహీనత వేడి దగ్గర బయటపడుతుంది. వేగం రెండింతలైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకి దూరంగా జరుగుతుంది, పెడల్ కిందికి దిగిపోతుంది, లైనింగు పట్టు సడలుతుంది. డిస్కు గాలికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది, వేడెక్కినా ప్యాడ్లకి దూరం జరగదు. 1953లో లీ మాన్స్ 24 గంటల పందెంలో డిస్క్ బ్రేకులున్న జాగ్వార్ సి-టైప్ గెలిచాక ఈ తేడా లోకానికంతా తెలిసింది. 1955లో సిట్రోయెన్ డి.ఎస్. ముందు చక్రాలకి డిస్కులతో మామూలు కొనుగోలుదారుల ముందుకొచ్చింది. కాబట్టి ఘాట్ రోడ్లలో, హైవేల మీద తిప్పాలనుకుంటే డిస్కులు పెట్టడం సరైన నిర్ణయమే. ఊళ్ళో నెమ్మదిగా తిప్పడానికైతే అవసరం లేదు. ఏది కావాలో నువ్వే తేల్చుకో.

డిస్కులు పెడితే మాత్రం వాటితో పాటు మారాల్సినవి ఉన్నాయి. డ్రమ్ములో ముందు షూని తిరిగే డ్రమ్మే లోపలికి లాక్కుంటుంది, అంటే నీ కాలికి కొంత సాయం దొరుకుతుంది. డిస్కుకి ఆ సాయం లేదు. అందుకే చాలా కార్లకి డిస్కులతో పాటు కాలి బలాన్ని పెంచే బూస్టర్ వచ్చింది. పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ని లైన్లలోకి నెట్టే మాస్టర్ సిలిండర్ బోరు, అంటే లోపలి వ్యాసం, కూడా చూడాలి. బోరు పెద్దదైతే పెడల్ గట్టిగా, పైకి ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ ఒత్తిడి తగ్గుతుంది. ముప్పావు అంగుళం బోరు తీసి 7/8 అంగుళం పెడితే, అంతే బలంతో తొక్కినా లైన్లో ఒత్తిడి పావు వంతుకు పైగా తగ్గిపోతుంది. బోరు మరీ చిన్నదైతే పెడల్ నేలకి తగిలేదాకా తొక్కాలి. కాలిపర్ పిస్టన్ల కొలతతో బోరు జతపడాలి. కిట్టు ఇచ్చేవాళ్ళని ఈ ప్రశ్న అడుగు. సరైన జవాబు రాకపోతే వాళ్ళ దగ్గర కొనకు.

డ్రమ్ములకోసం చేసిన కొన్ని మాస్టర్ సిలిండర్ల లోపల, లైన్లో కొంచెం ఒత్తిడి ఎప్పుడూ నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. అది డ్రమ్ములకి కావాలి. డిస్కుల లైన్లో అదే ఉంటే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ ఉంటాయి. అలాగే పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్‌కి వెళ్ళే కడ్డీకి కొద్దిగా ఆట, అంటే వదులు, ఉండాలి. ఆట లేకపోతే ఆయిల్ డబ్బాలోకి తిరిగి వెళ్ళే చిన్న రంధ్రం మూసుకుపోతుంది. బయల్దేరినప్పుడు అంతా బాగానే ఉంటుంది. కొంత దూరం పోయాక వేడికి ఆయిల్ వ్యాకోచించి, బ్రేకులు వాటంతట అవే పట్టేస్తాయి. బూస్టర్ బిగించినప్పుడు ఈ పొరపాటుకి అవకాశం ఎక్కువ.

మన కారుకి ఉన్నది ఒక్క గది మాస్టర్ సిలిండర్. అంటే నాలుగు చక్రాలకీ ఒకటే దారి. ఎక్కడ ఒక్క పైపు చిట్లినా నాలుగు బ్రేకులూ పోతాయి. రెండు గదుల టాండెమ్ మాస్టర్ సిలిండర్ పెడితే ముందువి పోయినా వెనకవి ఉంటాయి. నీ దగ్గర డబ్బు ఒక్క మార్పుకే సరిపోతే, డిస్కులు మానేసి ఇది పెట్టించుకోమంటాను. తల్లిగా నన్ను అన్నిటికంటే కంగారుపెట్టే విషయం ఇదే. హ్యాండ్ బ్రేక్ కూడా ఎప్పుడూ పనిచేస్తూ ఉండాలి, అది నీకున్న ఆఖరి ఆధారం.

బ్రేకు తొక్కగానే బరువు ముందుకి జరుగుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. అవి ముందుగా లాక్ అయితే కారు గిర్రున తిరిగిపోతుంది. కాబట్టి ముందు చక్రాలే ముందు లాక్ అవ్వాలి. అవసరమైతే వెనక లైన్లో ఒత్తిడి తగ్గించే వాల్వు పెడతారు. ఆ సర్దుబాటు మాత్రం అనుభవం ఉన్న మెకానిక్‌తో, ఖాళీ స్థలంలో చేయించు. నువ్వొక్కదానివీ చెయ్యొద్దు.

బ్రేక్ ఆయిల్ డాట్ 4 రకం చాలు. కొత్తగా ఉన్నప్పుడు అది కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. గాలిలోని తేమని పీల్చుకుని పాతబడితే ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. అందుకే రెండేళ్ళకోసారి మార్చాలి, మూత తీసి చాలాకాలం ఉంచిన డబ్బా వాడకూడదు. డాట్ 5 వేరే జాతి, సిలికాన్ ఆయిల్. దాన్ని డాట్ 4తో కలపకు. డాట్ 5.1 అని ఇంకొకటుంది, పేరు దగ్గరగా ఉన్నా అది డాట్ 4 కుటుంబానిదే. డాట్ 4 పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది. పడ్డ వెంటనే నీళ్ళు పోసి కడిగెయ్.

లైన్లలో చిక్కిన ఎయిర్ తీసేటప్పుడు మాన్యువల్ వేరేలా చెబితే తప్ప, మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టు. ఆయిల్ డబ్బా అడుగంటనివ్వకు. పాత మాస్టర్ సిలిండర్ అయితే పెడల్‌ని నేల దాకా తొక్కకు. ఎప్పుడూ వెళ్ళని చోట బోరు తుప్పు పట్టి ఉంటుంది, సీళ్ళు అక్కడికి వెళ్తే చిరిగిపోతాయి. ఎంత తీసినా పెడల్ స్పాంజిలాగే ఉంటే కాలిపర్లు చూడు. గాలి బయటికి వదిలే నిపుల్ పైవైపు ఉండాలి. కుడిదీ ఎడమదీ తారుమారైతే నిపుల్ కిందికి వచ్చి, గాలి పైనే చిక్కుకుపోతుంది.

కారుని పైకెత్తే విషయం నీకు తెలుసు, అయినా రాస్తాను. జాకీ ఎత్తడానికే. కింద స్టాండ్లు వేసి, నేల మీద ఉన్న చక్రాలకి రెండు వైపులా అడ్డం పెట్టి, కారుని చేత్తో గట్టిగా ఊపి చూశాకే దాని కిందికి వెళ్ళు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఈ పని పెట్టుకోకు.

పని అయ్యాక ముందు ఆగి ఉన్న కారులోనే పెడల్‌ని గట్టిగా తొక్కి పట్టుకో, కాసేపయినా అది కిందికి జారకూడదు. ఇంకొకరిని అన్ని జాయింట్లూ చూడమను. తర్వాత ఖాళీ రోడ్డు మీద నడక వేగంతో, ఆ తర్వాత కాస్త కాస్త పెంచుతూ వెళ్ళు. కొత్త ప్యాడ్లని 50 కిలోమీటర్ల వేగం నుంచి మెత్తగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ అలవాటు చెయ్యి. వేడిగా ఉన్నప్పుడు బ్రేకు తొక్కిపెట్టి నిలబడకు.

ఇప్పుడు చక్రాలు. మన కారు అంగుళాల కాలం నాటిది. నాలుగు బోల్టుల మధ్యగా వెళ్ళే వృత్తం వ్యాసం 4 అంగుళాలైతే అది 101.6 మిల్లీమీటర్లు. బజారులో ఎక్కువగా దొరికేది 100. ఆ కొంచెం తేడాతో రిమ్ము ఎక్కినట్టే ఉంటుంది, కానీ బోల్టుల మీద పక్కకి ఒత్తిడి పడుతూ ఉంటుంది. దాన్ని బలవంతంగా బిగించొద్దు. నట్టు కూర్చునే చోటు కోన్ ఆకారంలో ఉందా, గుండ్రంగా ఉందా, చదునుగా ఉందా చూసి అదే రకం నట్లు తీసుకో. నట్టు మర మీద కనీసం బోల్టు మందమంత లోతు ఎక్కాలి. అల్లాయ్ రిమ్ము ఉక్కుదాని కంటే మందం కాబట్టి పాత బోల్టులు పొట్టివైపోవచ్చు. కొన్ని పాత కార్లలో ఎడమవైపు నట్లకి ఎడమ మర ఉంటుంది, విప్పేటప్పుడు తిరగకపోతే బలం పెట్టే ముందు అది చూసుకో. బిగించాక 80, 100 కిలోమీటర్లు తిరిగి మళ్ళీ ఒకసారి టార్క్, అంటే నట్ల బిగువు, చూడాలి.

నువ్వు పంపిన ఫొటోలో రిమ్ములు మడ్‌గార్డు అంచు దాకా వచ్చాయి. చక్రం అంత బయటికి వస్తే స్టీరింగు బరువెక్కుతుంది, గుంటలో పడినప్పుడు చేతిలో కొడుతుంది, బేరింగుల మీద భారం పెరుగుతుంది. కొంచెం తక్కువ వెడల్పుది చూడు. టైరు మొత్తం ఎత్తు మారకూడదు, మారితే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది. పాత 165/80 ఆర్13 టైరు ఎత్తు సుమారు 594 మిల్లీమీటర్లు, 185/65 ఆర్14 ఎత్తు సుమారు 596. అంటే ఆ జత కుదురుతుంది. అయినా స్టీరింగుని రెండు వైపులా చివరిదాకా తిప్పి ఎక్కడా తగలట్లేదని చూడు. టైరు పక్కన అచ్చేసిన తయారీ కోడులో చివరి నాలుగు అంకెలు చదువు. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గాడులు ఎంత లోతుగా ఉన్నా పాతబడ్డ టైరు వద్దు. ఈ మార్పులకి అనుమతి కావాలేమో, ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పాలేమో కూడా ముందే కనుక్కో.

తీసేసిన డ్రమ్ములు, పాత రిమ్ములు పారెయ్యకు. గ్రీజు రాసి, పేర్లు రాసి దాచు. ఎప్పుడైనా కారుని తాతయ్య నడిపిన రూపంలోకి తేవాలనిపిస్తే అవి దొరకడం కష్టం.

ఈ వారం ముందు డ్రమ్ములు విప్పి, లోపలి ఫొటోలు, మాస్టర్ సిలిండర్ మీద ఉన్న అక్షరాలు, బోల్టుల వృత్తం కొలత పంపు. అవి చూశాక నీకు ఏ కిట్టు సరిపోతుందో కలిసి ఎంచుకుందాం. ఎయిర్ తీసే రోజుకి నేను వస్తాను, పెడల్ తొక్కడానికి ఒకళ్ళుండాలి.

ప్రేమతో,
అమ్మ