పెంకుల గది మీదికి జేసీబీని తోలొద్దు

తిరుపతి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మునిరత్నం,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాను చూశాను. చూసి, ఒక గ్లాసు మజ్జిగ తాగి, మళ్లీ చూశాను. ఫోన్ చేస్తే నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి కాగితం మీద రాస్తున్నా. కట్టమంచి చెరువు పక్కన మన వాలీబాల్ క్లబ్బు గదిని ఒక్క పూటలో జేసీబీతో కూల్చేసి, ముందంతా అద్దాలు బిగించి, పైన ‘హెడ్ ఆఫీస్’ అని బోర్డు పెట్టిస్తావా? ఉన్నది పద్దెనిమిది మంది సభ్యులం. అందులో మోకాళ్లు సరిగ్గా ఉన్నవాళ్లు ఆరుగురు!

హెడ్ ఆఫీసంటే ఏమిటో నేను చూసొచ్చానురా. ఎండాకాలంలో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో పెద్దోడి దగ్గర ఉన్నప్పుడు, రోజూ సాయంత్రం సరస్సు ఒడ్డున నడిచేవాళ్లం. విడీ అనే చోట చెట్ల మధ్యలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ వాళ్ల భవనం ఉంది. ‘ఒలింపిక్ హౌస్’ అంటారు. నలభై ఏళ్లు ఇళ్ల ప్లాన్లు గీసి బతికినవాణ్ని కదా, కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మీ వదినేమో ‘చలేస్తోంది, పదండి’ అని ఒకటే గోల.

ముందు నేనూ నీలాగే అనుకున్నా, అంతా అద్దాలే కదా అని. చుట్టూ తిరిగితే తెలిసింది. ఒక పక్కనుంచి చూసినట్టు ఇంకో పక్కనుంచి ఉండదు. గోడలు వంపులు తిరిగి, స్మాష్ కొట్టడానికి ఎగిరినవాడి నడుములాగా ఉంటుంది. కదిలే ఆటగాడిలా కనిపించాలనే అలా గీశారట డెన్మార్క్ ఆర్కిటెక్టులు, త్రీఎక్స్‌ఎన్ అనే సంస్థ వాళ్లు. మాకు పాసు లేదు, లోపలికి పోలేదు. లోపలి ఫొటోలు పెద్దోడు లాప్‌టాప్‌లో చూపించాడు. నడి మధ్యలో ఓక్ చెక్క మెట్లు. ఒలింపిక్ జెండా మీది ఐదు వలయాలు ఒకదానిమీద ఒకటి కాస్త జరిగి పేర్చినట్టు, కింది అంతస్తు నుంచి పై దాకా తిరుగుతూ పోతాయి. అంతకుముందు ఊళ్లో నాలుగు చోట్ల విడివిడిగా కూర్చునే 500 మంది ఉద్యోగులను ఒక్క కప్పు కిందికి తెచ్చారు. రోజూ ఆ మెట్ల మీద ఒకరికొకరు ఎదురుపడాల్సిందే. లిఫ్టు ఎక్కినవాడు ఫోన్ చూసుకుంటాడు, మెట్లెక్కేవాడు ఆయాసపడుతూ అయినా పలకరిస్తాడు. అలిపిరి నుంచి నడిచి కొండెక్కిన మనకు ఇది ఒకరు చెప్పాలా?

ఇక అసలు సంగతి. ఆ స్థలంలో అంతకుముందు వాళ్లదే పాత ఆఫీసు భవనం ఉండేది. దాన్ని విప్పినప్పుడు వచ్చిన సామగ్రిలో 95 శాతానికి పైగా మళ్లీ వాడుకోవడమో, రీసైకిల్ చేయడమో చేశారు. ఖర్చు తక్కువేం కాదు, 14.5 కోట్ల స్విస్ ఫ్రాంకులు. అంత డబ్బున్నవాళ్లు పాత కాంక్రీటును లెక్కపెట్టుకుంటే, చందాల కోసం టీ కొట్టు దగ్గర కాపు కాసే మనం టేకు దూలాలను తుక్కు కింద అమ్ముతామా? పక్కనే ఉన్న పాత కోట, షాటో ద విడీ, 1968 నుంచి వాళ్ల ముఖ్య కార్యాలయం. దాన్ని ముట్టుకోలేదు. పాతదీ కొత్తదీ వియ్యంకుల్లా పక్కపక్కనే ఉన్నాయి.

సరస్సు నీళ్లు తోడి, వాటితోనే భవనాన్ని వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉంచుతారు. మరుగుదొడ్లకు వాన నీళ్లు. పైకప్పు మీద సోలార్ పలకలు, ఆకాశం నుంచి చూస్తే పావురంలా కనిపించేట్టు పరిచారు. (ఆ పావురం నాకు కొంచెం అతిగా అనిపించింది. ఎవడు చూడాలి, కాకులా?) 2019 జూన్ 23న ప్రారంభించారు. 1894లో పారిస్‌లో అదే తేదీన కమిటీ పుట్టింది, అంటే సరిగ్గా 125 ఏళ్లకు. ఆ కమిటీని పెట్టిన కుబెర్టిన్ దాన్ని లోజాన్‌కు మార్చింది 1915లో, యూరప్ అంతా యుద్ధంలో ఉన్నప్పుడు. స్విట్జర్లాండ్ ఎవరి పక్షమూ కాదు కదా, మన క్లబ్బు గొడవల్లో మీ నాన్నలాగా. ఆయన పంచ బిగించుకుని ఆ గదికి స్థలమిచ్చిన రోజు గుర్తుందా?

నీ అద్దాల సంగతీ చెబుతా. అక్కడివాళ్లకు వెలుతురు కరువు, అందుకని అద్దం. అదీ రెండు పొరలుగా, ఎండా చలీ అన్నీ లెక్కేసి కట్టింది. చిత్తూరు ఎండకు పడమటి వైపు ఒక్క పొర అద్దం పెట్టావంటే మే నెలలో లోపల అప్పడాలు వేయించుకోవచ్చు. చంద్రగిరి రాజమహల్‌ను చూడు, కట్టెపుల్ల వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. ఇప్పటికీ లోపలికి అడుగుపెడితే ప్రాణం లేచొస్తుంది.

మన గది కురుస్తుంది, కాదనను. పోయిన వానలకు ట్రంకు పెట్టెలో సర్టిఫికెట్లు తడిసి ముద్దయ్యాయని నువ్వు బాధపడ్డావు, నాకూ కడుపు తరుక్కుపోయింది. కానీ తప్పు గోడలది కాదురా. పెంకులు తిరగేయించి ఎన్నేళ్లయింది? పోయినసారి ఆ డబ్బుతో మనమిద్దరం టోర్నమెంటుకు భోజనాలు పెట్టించాం, మర్చిపోయావా?

వచ్చే ఆదివారం పొద్దున ఫస్టు బస్సుకు వస్తా. టేపు తెస్తా. దూలాలెన్ని గట్టిగా ఉన్నాయో, నాపరాళ్లు ఎన్ని పగలకుండా లేస్తాయో ఇద్దరం లెక్కపెడదాం. కొత్త గది కావాలంటే వెనక వేప చెట్టు వైపు కట్టుకుందాం, ప్లాను ఊరికే గీసిస్తా. జేసీబీ వాడికి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే మాత్రం ఈ రోజే వెనక్కి అడుగు. చెల్లెమ్మను రాగి సంగటి చేయమను, కూడా ఏం చేసినా పర్లేదు.

నీ
సుబ్బు