కాగితంలో ఇల్లాలి పేరు ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండ నయీంనగర్‌లో ఒకే వాటాలో తొమ్మిదేళ్లుగా కిరాయికి ఉంటున్నాను. నిరుడు సంక్రాంతి తర్వాత మా వారు పోయారు. దశదినకర్మ అయి, చుట్టాలు బస్సెక్కిన సాయంత్రమే యజమాని వచ్చారు. "అగ్రిమెంటు ఆయన పేరున ఉందమ్మా. మీ పేరున కొత్తది రాయాలి, అడ్వాన్సు కూడా మళ్లీ కట్టాలి" అన్నారు. పాత అడ్వాన్సు 30 వేలు మా వారు చేతికిచ్చినవి. రసీదు లేదు. ఎనిమిది సార్లు ఆ 11 నెలల కాగితం మా ముందుగదిలోనే రాసుకున్నారు. నన్ను సంతకం పెట్టమని ఎవరూ అనలేదు, పెడతానని నేనూ అడగలేదు.

యజమాని చెడ్డవారు కారు. ఆ రాత్రి మా వారిని ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆయన కారులోనే. అయినా మూడు నెలలు వాదించాక పాత సొమ్ములో సగమే ఒప్పుకున్నారు.

అదాలత్ దగ్గర ఒక వకీలు ఆ ఇంగ్లీషు కాగితం చదివి వివరించారు. రిజిస్ట్రేషన్ తప్పించుకోవడానికే అందరూ 11 నెలలకు రాసుకుంటారట. 1960 నాటి కిరాయి చట్టం ప్రకారం, చనిపోయిన కిరాయిదారుతో కలిసి ఉన్న భార్య, పిల్లలు కూడా కిరాయిదారులే. ఊపిరి పీల్చుకున్నాను. కానీ నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు ఆ చట్టం వర్తించకుండా 2005లో సవరించారు. మా కిరాయి 6,500. ఈ రోజుల్లో 3,500కు వరంగల్‌లో సంసారం పట్టే ఇల్లు ఎక్కడుంది?

ఆడపడుచు కూతురు కాకతీయ విశ్వవిద్యాలయంలో చేరి నాతో ఉంటే, అదీ తప్పయింది. ఇల్లు ఇంకొకరికి కిరాయికిచ్చానా అని అడిగి, నీళ్లకు నెలకు 500 పెంచారు. నేను అన్నం పెట్టే పిల్ల దగ్గర కిరాయి వసూలు చేస్తానా?

కేంద్రం 2021లో తెచ్చిన, రాష్ట్రాలు ఒప్పుకుంటేనే అమలయ్యే నమూనా అద్దె చట్టంలో ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించకూడదని, కిరాయిదారు మరణిస్తే మిగిలిన గడువు వరకు ఒప్పందం వారసులకు చెల్లుతుందని ఉంది. మన రాష్ట్ర ప్రభుత్వం ఆ రెండింటినైనా మాలాంటి ఇళ్లకు వర్తింపజేయాలి.

మీకు ఒక విన్నపం. భార్యాభర్తలిద్దరి సంతకాలు, ఇంట్లో ఉండేవారి పేర్లు, అడ్వాన్సు రసీదు ఉండే నమూనా అగ్రిమెంటు ఒకటి తెలుగులో అచ్చువేయండి. కత్తిరించి దాచుకుంటాం.

– ఒక కిరాయిదారు, నయీంనగర్, హనుమకొండ