కేదార్‌నాథ్ పేజీలో ఆ లోయ సంగతి కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

యాత్రల సీజన్ వచ్చిందంటే చాలు, పేపర్లలో కేదార్‌నాథ్ పేజీలు మొదలవుతాయి. గుర్రాలు, డోలీలు, హెలికాప్టర్ టికెట్లు, రూములు, దేనికీ కొదవ ఉండదు. గుడి ఎలాంటి నేల మీద ఉందో మాత్రం ఒక్క ముక్కా రాయరు. మా కనిగిరి వైపు నుంచి కూడా జనం గుంపులుగా వెళ్తుంటారు కాబట్టి రాస్తున్నా.

మనకు కొండలోయ అంటే భైరవకోన లాంటిదే, వాగు కోసుకుంటూ పోయిన ఇరుకు సందు. నడక మొదలయ్యే గౌరీకుండ్ దగ్గర మందాకిని నది లోయ కూడా అంతే. పైకెక్కి కేదార్‌నాథ్ చేరేసరికి మాత్రం అదే లోయ విప్పారి, అడుగు భాగం వెడల్పై తొట్టిలా కనిపిస్తుంది. అది నీళ్లు చేసిన పని కాదు, మంచు చేసింది. సుమారు 13 వేల ఏళ్ల కిందట హిమానీనదం (మెల్లగా జారే మంచు నది) నడకదారిలోని రాంబాడా దాకా, అంటే దాదాపు 2,800 మీటర్ల ఎత్తు వరకూ దిగి ఉండేదని డెహ్రాడూన్ వాడియా హిమాలయ భూగర్భ సంస్థ పరిశోధకులు తేల్చారు. ఇప్పుడు గుడి పైనున్న ఆ చోరాబరి హిమానీనదం మూతి, అంటే కింది కొస, 3,800 మీటర్లకు పైనే ఉంది. వెనక్కి తగ్గుతూ తగ్గుతూ, మోసుకొచ్చిన సరుకంతా దారిలోనే వదిలేసింది. మొరైన్ అంటే అదే. దగ్గరికెళ్లి చూడండి, ఏటి రాళ్లలా నున్నగా ఉండవు, ఇంత బండ పక్కనే మెత్తటి మన్ను, మధ్యలో పదును అంచుల రాళ్లు, ఒక వరసా పద్ధతీ ఉండదు. కేదార్‌నాథ్ ఊరు ఉన్నది ఇలాంటి సరుకు మీదే, 2013 వరద తర్వాత మళ్లీ కట్టిందీ అక్కడే!

2013 జూన్‌లో గుడికి పైనున్న చోరాబరి తాల్ అనే చెరువుకు గట్టు ఈ మొరైనే. కుండపోత వానకు, కరిగిన మంచు తోడై నిండిపోయి, 17వ తేదీ ఉదయం గట్టు తెగింది, చెరువు నిమిషాల్లో ఖాళీ. గట్టు తెగితే ఏమవుతుందో నెల్లూరు, ప్రకాశం రైతులకు వేరే చెప్పాలా? మన చెరువులకు తూములు, కలుజులు ఉంటాయి, దానికి అవీ లేవు, నీళ్లు అడుగు నుంచి ఊటగా పోవాల్సిందే. ఆ వరదలో వచ్చి గుడి వెనక ఆగిన భీమశిల అనే పెద్ద బండ దగ్గర అందరూ దండం పెట్టి ఫోటో దిగుతారు, అంత బండ ఎలా కొట్టుకొచ్చిందని అడిగేవాళ్లే తక్కువ.

అర కాలమ్ చాలు, లోయ అడ్డుకోత బొమ్మ ఒకటి వేయండి. వాన జోరుగా ఉన్నప్పుడు మందాకిని ఒడ్డున సెల్ఫీలు వద్దురా అని మేం మొత్తుకున్నా మా పిల్లలు వినరు, పేపర్లో వస్తే వింటారు.

– ఒక పాఠకుడు, కనిగిరి