అక్టోబరు, నవంబరు పెట్టెలు తీసుకున్న అందరికీ

అక్టోబరు 14 నుంచి నవంబరు 25 వరకు మా దగ్గర, నూనెలు, సోడా కొలిచి ఇస్తే ఇంట్లోనే సబ్బు చేసుకునే ‘మొదటి సబ్బు’ పెట్టె కొన్నవాళ్లు 212 మంది. ఈ ఉత్తరం ముందు మీకు, తర్వాత మిగతావాళ్లకు. మీరు పోసిన సబ్బు గట్టిపడకపోయినా, అచ్చులోంచి తీస్తే చేతికి జిడ్డు అంటినా, పైన నూనె తేలి అడుగున నీళ్లు నిలిచినా, లోపం మీ చేతిలో లేదు. నూనెని సబ్బుగా మార్చడానికి మేము ప్యాకెట్లలో పోసి ఇచ్చిన కాస్టిక్ సోడాలో బలం తగ్గింది. బాధ్యత పూర్తిగా మాది.

ముందు జాగ్రత్తలు చెప్పేస్తాను. ఆ సోడా ప్యాకెట్ ఇంకా మీ ఇంట్లో ఉంటే వాడకండి, సింకులో పారబోయకండి. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పిల్లలకు అందని చోట ఉంచండి, మేమే వచ్చి తీసుకెళ్తాం. అల్యూమినియం డబ్బాలో మాత్రం వద్దు. సబ్బు గట్టిపడటం లేదని అందాజాగా ఇంకాస్త సోడా కలిపినవాళ్లు ఆ సబ్బును ఒంటికే కాదు, గిన్నెలకు కూడా వాడొద్దు. విడిపోయిన సబ్బు అడుగున ఉన్న నీళ్లలో సోడా ఉంటుంది. అది చేతికి తగిలితే కుళాయి కింద పదిహేను, ఇరవై నిమిషాలు కడగండి, నిమ్మరసం, వెనిగర్ లాంటివి పూయకండి. సబ్బు మామూలుగా గట్టిపడినవాళ్లకు భయం లేదు. సోడా తక్కువైందే గానీ ఎక్కువ కాలేదు కాబట్టి మంట పెట్టదు. కాకపోతే నూనె ఎక్కువ మిగిలింది కాబట్టి త్వరగా కరుగుతుంది, కొన్ని నెలలకు పాత నూనె కంపు రావచ్చు.

ఇప్పుడు జరిగింది చెప్తాను.

అక్టోబరు చివర్లో చెన్నై పెరంబూరు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఫిబ్రవరిలో తమ్ముడి పెళ్లట, వచ్చే చుట్టాలకు తను చేసిన సబ్బు ఇవ్వాలని ఆశ. “అక్కా, నలభై నిమిషాలు కలిపాను, చెయ్యి పడిపోయింది. మీరు చెప్పినట్టు గరిటెతో ఎత్తి పోస్తే గీత నిలవాలి కదా, నిలవడం లేదు. మజ్జిగలాగే ఉంది. నాకు ఇలాంటివి అచ్చిరావేమో” అంది. నేనేం చెప్పానో తెలుసా? నూనె వేడి సరిపోయి ఉండదు, తూకం మళ్లీ చూసుకోమ్మా అని చెప్పాను. ఆ తర్వాతి మూడు వారాల్లో ఫోన్ చేసిన ఇంకో ఆరుగురికీ ఇదే చెప్పాను. నీళ్లు ఎక్కువ పోసి ఉంటారనీ, త్రాసులో బ్యాటరీ అయిపోయిందేమోననీ రకరకాలుగా. ఆ ఏడుగురికీ విడిగా ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. అందరి ముందూ మళ్లీ అడుగుతున్నాను.

ఇది నన్ను ఇంతగా ఎందుకు బాధపెడుతోందంటే, ఈ వ్యాపారం మొదలైందే ఇలాంటి ఓటమి నుంచి. నా మొదటి సబ్బుకి నేను వాడింది అల్యూమినియం గిన్నె. సోడా నీళ్లు పోయగానే బుసబుసా పొంగి, ఘాటు వాసన కొట్టి, గిన్నె నల్లబడింది. అల్యూమినియం, కాస్టిక్ సోడా కలిస్తే హైడ్రోజన్ వాయువు పుడుతుందని, గిన్నె లోహమే కరిగిపోతుందని నాకు అప్పుడు చెప్పినవాళ్లు లేరు. ఎనిమిది నెలలు మళ్లీ ఆ జోలికి పోలేదు, నా వల్ల కాదనుకున్నాను. కొత్తగా చేసేవాళ్లు తెలియని కారణంతో ఓడిపోకూడదనే ఈ పెట్టె తయారుచేశాను. కొబ్బరినూనె 250 గ్రాములు, ఆలివ్ నూనె 200, ఆముదం 50, సోడా 75 గ్రాములు, అన్నీ కొలిచి, మీరు కలిపి పోయడమే మిగిలేలా. ఆ కొలతే తప్పింది.

తూకం తప్పలేదు, అదే నన్ను ఇన్నాళ్లు మోసం చేసింది. ప్యాకెట్ ఏది తూచినా 75 గ్రాములు కచ్చితంగా ఉంది. కాస్టిక్ సోడాకి గాలి తగిలితే అందులోని చెమ్మని పీల్చుకుంటుంది, బొగ్గుపులుసు వాయువుతో కలిసి కొంత బట్టల సోడాగా మారిపోతుంది. బరువు అలాగే కనిపిస్తుంది గానీ అందులో నూనెని సబ్బుగా మార్చే భాగం తగ్గిపోతుంది. ఈశాన్య రుతుపవనాల వానల్లో మన చెన్నై గాలి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, ఆరేసిన బట్ట మూడో రోజుకీ ఆరదు.

నవంబరు 26న మా వీధి చివర ఉండే రిటైరైన కెమిస్ట్రీ మాస్టారి దగ్గరికి ఒక ప్యాకెట్ పట్టుకెళ్లాను. డిస్టిల్డ్ వాటర్‌లో 4 గ్రాములు కరిగించి సరిగ్గా 100 మిల్లీలీటర్లు చేశారు. అందులోంచి 10 మి.లీ. తీసి సోడా ఉంటే రంగు చూపే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేస్తే ముదురు గులాబీ రంగు వచ్చింది. బ్యూరెట్ అనే కొలత గీతల గాజు గొట్టంలోంచి, బలం ముందే తెలిసిన (1 నార్మల్) హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కచుక్కగా వదిలారు. “నూటికి 97 పాళ్లున్న సోడా అయితే 9.7 మి.లీ. దగ్గర రంగు పోవాలి, అమ్మాయ్, చూస్తూ ఉండు” అన్నారు. 8 దాటింది. ఇంకో రెండు చుక్కలు. 8.2 దగ్గర గులాబీ రంగు మాయమైపోయి, జాడీలో నీళ్లు నీళ్లలాగే మిగిలాయి. మూడుసార్లు చేశారు, మూడుసార్లూ దాదాపు అంతే.

లెక్క వేస్తే, మీ 75 గ్రాముల్లో అసలు సోడా 61, 62 గ్రాములు. ఆ మూడు నూనెలూ పూర్తిగా సబ్బు కావడానికి 79 గ్రాములు కావాలి. చర్మం పొడిబారకుండా కొంచెం నూనె మిగలాలని మేమే 75కి తగ్గించి ఇస్తాం. 62 అయ్యేసరికి అర కిలో నూనెలో వంద గ్రాములకు పైగా నూనె నూనెగానే ఉండిపోయింది. గంటసేపు కలిపినా గీత ఎందుకు నిలవలేదో ఇప్పుడు తెలిసింది కదా. బస్తా అడుగున మిగిలిన సోడాని పరీక్ష చేస్తే 9.3 వచ్చింది. కొందరికి బాగా వచ్చి, కొందరికి రాకపోవడానికి కారణం అదే.

ఇక బస్తా సంగతి. చెన్నైలోని ప్యారిస్ కార్నర్‌లో ఆరేళ్లుగా ఒకే కొట్టు నుంచి కొంటున్నాను. పేరు రాయను. మనవాళ్లే, తెలుగువాళ్లే. మొదట్లో నేను పది కిలోలు అడిగితే విసుక్కోకుండా కట్టిచ్చిన మనిషి. నాకు సరిగ్గా వచ్చిన మొదటి సబ్బు ముక్కని ఆయన కొట్లో కౌంటర్ మీద పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపించేవారు. అందుకే ఈసారి నేను చూడాల్సినవి చూడలేదు. 50 కిలోల బస్తా మూతికి కంపెనీ మిషన్ కుట్టు తెల్లదారంతో ఉంటుంది. దీనికి ఆ తెల్లదారం తెగి, దాని పక్కనే నీలం దారంతో చేతికుట్టు ఉంది. నేను చూశాను. లోపలి ప్లాస్టిక్ సంచి మూతి ఉత్త ముడి వేసి ఉంది. అదీ చూశాను. మంచి సోడా రేకులు గరిటెతో తీస్తే గలగలా జారిపోవాలి. ఇవి వానాకాలంలో ఉప్పు జాడీలో ఉప్పులాగా గడ్డలు కట్టి ఉన్నాయి. గరిటెతో కొట్టి విడదీసి ప్యాకెట్లలో నింపాం. ఆరేళ్ల నమ్మకం మీద ఆ నీలం దారాన్ని దాటేశాను.

ఆయనకు ఫోన్ చేస్తే మొదట “వానాకాలం కదమ్మా, మీరే గాలి తగలనిచ్చి ఉంటారు” అన్నారు. బస్తా ఫోటోలు పంపాను. సోడా సర్టిఫికెట్ మీద లాట్ (తయారీ విడత) నంబరు, బస్తా మీద నంబరు వేరువేరుగా ఉన్నాయని చూపించాను. రెండు రోజులు మాట లేదు. మూడోరోజు అడిగారు, “ఇంట్లో చేసుకునే సబ్బుకి ఇంత పట్టింపు ఎందుకమ్మా? కాలవలు కడిగేవాళ్లు, బట్టల సబ్బు వాళ్లు ఎవరూ అడగలేదే” అని. ఇంకెవరికో విప్పిన బస్తా మిగిలిపోతే కుట్టి నాకు పంపానని చివరికి ఒప్పుకున్నారు. సగం బస్తా ఉచితంగా ఇస్తానన్నారు. వద్దన్నాను. డబ్బు వెనక్కి అడగలేదు, అడగను కూడా. ఇంట్లో చేసుకునే సబ్బు అన్న మాట ఒక్కటే ఇంకా చెవిలో ఉంది. ఇంట్లో చేసుకునే సబ్బు కాబట్టే పట్టింపు. దాన్ని రాసుకునేది మీ అమ్మ, మీ పాప. అక్కడితో ఆ కొట్టుతో మా లావాదేవీ ముగిసింది.

ఆ తర్వాత రెండు వారాలు నాకు నిద్ర లేదు, కారణం ఆయన కాదు. పెట్టెలో అసలు కాస్టిక్ సోడా ఉంచాలా వద్దా అన్నది. మా ఆయన, మా ఆడిటర్, పెట్టెలు కట్టే మా ఇద్దరు అమ్మాయిలు, అందరిదీ ఒకే మాట: గ్లిసరిన్ బేస్‌కి మారిపోదాం. తయారైన సబ్బు దిమ్మ వస్తుంది. ముక్కలు కోసి, కరిగించి, రంగు, వాసన కలిపి అచ్చులో పోస్తే పూట లోపల సబ్బు చేతికొస్తుంది. గ్లౌజులు, కళ్లద్దాలు అక్కర్లేదు. నాలుగు వారాలు ఆరబెట్టక్కర్లేదు. వానకి పాడవదు. మాకూ లాభం ఎక్కువ. ఇరవై శాంపిల్ పెట్టెలు కట్టించి చూశాను కూడా. మా అక్క కూతురు, పదేళ్ల పిల్ల, గంటలో నాలుగు చేపబొమ్మ సబ్బులు చేసి ఎగిరి గంతేసింది. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయను, పిల్లలకు అదే సరైనది.

అయినా ఒప్పుకోలేకపోయాను. ఒకసారి ‘ఎవరికైనా కన్ను పోతే?’ అని భయం వేసేది. సోడా నీళ్లు కలిపేటప్పుడు గిన్నె వేడి తొంభై డిగ్రీల దాకా పోతుందని, నీళ్లలోనే సోడా వేయాలి గానీ సోడా మీద నీళ్లు పోయకూడదని ఎన్నిసార్లు చెప్పినా ఎవరో ఒకరు మర్చిపోవచ్చు. ఇంకోసారి, ఆ భయంతో దీన్ని వదిలేస్తే మాంబళంలో ఈ గది అద్దెకి తీసుకుని ఇన్నేళ్లు చేసింది ఏమిటి అనిపించేది. నూనె నూనెలా ఉండదు, సోడా సోడాలా ఉండదు, రెండూ కలిసి మూడోది అవుతుంది. ముందురోజు రాత్రి పోసిన అచ్చు మీద పొద్దున్నే చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంటుంది. అది మీ వంటింట్లో మీ చేతుల మీద జరగాలన్నదే నా కోరిక.

చివరికి మాకు ఫిర్యాదు చేసిన 31 మందికీ నేనే ఫోన్ చేశాను. డబ్బు వెనక్కి అడిగినవాళ్లు నలుగురు, ఇచ్చేశాను. ఇక వద్దన్నవాళ్లు ముగ్గురు. మిగతా ఇరవై నాలుగు మందీ అడిగింది “మంచి సోడా ఎప్పుడు వస్తుంది?” అని. కాబట్టి సోడా పెట్టెలోనే ఉంటుంది. ఇది మొండితనం అని మా ఇంట్లో అంటున్నారు, అననివ్వండి.

ఇకమీదట బస్తా సోడా కొనం. ల్యాబ్‌లకు వెళ్లే, కంపెనీ సీలున్న 500 గ్రాముల డబ్బాలే తీసుకుంటాం. డబ్బా విప్పిన రోజే గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ సీసాల్లో నింపి సీలు వేస్తాం, మిగిలింది దాచం. ఆదివారం ఆదివారం మాస్టారి పరీక్ష నేనే చేస్తాను, బ్యూరెట్ కొనుక్కున్నాను. ఆ వచ్చిన అంకె, నింపిన తేదీ మీ సీసా మీద ఉంటాయి. అంకె 9.6 కంటే తక్కువైతే ఆ లాట్ బయటికి పోదు. పెట్టె ధర 90 రూపాయలు పెరుగుతుంది.

212 మందికీ, ఫిర్యాదు చేసినా చేయకపోయినా, కొత్త పెట్టె ఉచితం. దాదాపు లక్షా యాభై వేలు అవుతుంది, కొబ్బరినూనె ధర మీకు తెలియనిది కాదు, అందుకే అందరికీ ఒకేసారి పంపలేను. వారానికి యాభై చొప్పున, ముందు కొన్నవాళ్లకు ముందు. పాత సబ్బును పారేయకుండా తెచ్చిస్తే, సోడా అందాజాగా కలపనిదైతే, తురిమి, లెక్క కట్టి తక్కువైన సోడా కలిపి, స్టీలు గిన్నెలో మళ్లీ వండి ఇస్తాను. చూడటానికి గరుకుగా ఉంటుంది గానీ మంచి సబ్బే అవుతుంది.

పెరంబూరు అమ్మాయికి మాత్రం వరుస చూడలేదు. పెళ్లికి సబ్బు ఆరాలి కదా. డిసెంబరు 14న కొత్త సీసా పట్టుకుని నేనే వాళ్లింటికి వెళ్లాను. కళ్లద్దాలు పెట్టుకుని తనే కలిపింది, నేను పక్కన నిలబడ్డానంతే. ఇరవయ్యో నిమిషంలో గరిటెలోంచి జారిన ధార గిన్నెలో గీతలా నిలిచింది. ఆ అమ్మాయి ఇంకోసారి పోసి చూసుకుంది.