తిరుమలగిరి కోట కాగితాలు తెరిపించండి: రక్షణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. కంటోన్మెంట్ చరిత్ర మీద పని చేస్తున్నాను. తిరుమలగిరిలో మీ శాఖ అధీనంలో ఉన్న పాత బ్రిటిష్ కోట గురించి మీకు ఈ లేఖ రాస్తున్నాను. హైదరాబాద్‌లో కోట అంటే అందరికీ గోల్కొండే గుర్తొస్తుంది. తిరుమలగిరిలో ఒకటుందని రోజూ ఆ దారిన పోయేవాళ్లలోనే చాలామందికి తెలియదు.

1857 సిపాయిల తిరుగుబాటు రోజుల్లో, జూలై 17న, తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందుండి కోఠీలోని రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గరుండే బ్రిటిష్ ప్రతినిధి భవనం మీద దాడి చేశారు. దాన్ని అణిచేశారు గానీ, బ్రిటిష్ వాళ్లకు పట్టుకున్న భయం వదల్లేదు. నిజాంతో చేసుకున్న 1798 ఒప్పందంతో వచ్చిన పటాలం ఉంది, 1806 నుంచి కంటోన్మెంట్ ఉంది, అయినా రేపు ఊరు ఊరంతా తిరగబడితే తెల్లవాళ్ల కుటుంబాలు ఎక్కడ తలదాచుకోవాలి? అందుకే ఊరికి ఉత్తరాన, తిరుమలగిరిలో, లోతైన కందకం, రాతి కట్టుగోడ, బురుజులతో ఈ కోట కట్టారు. నిజాం నేల మీద, నిజాం జనానికి భయపడి కట్టుకున్న కోట ఇది. 1857లో హైదరాబాద్‌లో ఏమీ జరగలేదనేవాళ్లకు చూపించడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు తెలియదు.

దాడి జరిగిన రెసిడెన్సీ ఇవాళ బాగుపడింది. శిథిలమైపోతున్న ఆ భవనాన్ని మరమ్మతు చేయించారు. బొల్లారంలోని రాష్ట్రపతి నిలయాన్ని 2023లో జనం చూడటానికి తెరిచారు. ఆ దాడి వల్ల పుట్టిన కోట దగ్గర మాత్రం కథ ఆగిపోతోంది.

కోట లోపలికి జనాన్ని రానివ్వకపోవడం కన్నా నన్ను ఎక్కువ బాధపెడుతున్నది కాగితాల సంగతి. ఒక రికార్డు గదిలో ఈ కోట పనులకు సంబంధించిన ఉత్తరం ఒకటి దొరికింది. ‘ప్లాను జతపరచడమైనది’ అని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. ప్లాను లేదు. కాగితం మూలన గుండుసూది గుచ్చిన రెండు చిల్లులు, వాటి చుట్టూ తుప్పు మరక మిగిలాయి. ఆ ప్లాను ఎక్కడుందని అడిగితే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును చూపించింది, అది మరోదాన్ని. చివరికి ‘భద్రతా కారణాలు’ అన్నారు.

సైన్యం భద్రత విషయంలో నాకు రెండో మాట లేదు. ఇప్పుడు ఏ గదిలో ఏముందో నాకు అక్కర్లేదు. నాకు కావలసింది 1947కు ముందువి. కందకం తవ్విందెవరు? వడ్డెరలా, బయటి నుంచి వచ్చిన కూలీలా? రోజుకు కూలి ఎంతిచ్చారు? రాయి ఏ గుట్ట నుంచి కొట్టుకొచ్చారు? దీనికోసం ఎవరి పొలాలు పోయాయి? పటాలానికి నీళ్లు మోసినవాళ్లు, బట్టలు ఉతికినవాళ్లు, లాల్ బజార్‌లో దుకాణాలు పెట్టినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు? ఉజ్జయిని మహంకాళి అమ్మవారి గుడి వల్ల పటాలంలో డోలీ మోసిన సూరిటి అప్పయ్య పేరు ఇప్పటికీ లష్కర్‌లో, అంటే సికింద్రాబాద్‌లో, తలుచుకుంటాం. మిగతావాళ్ల పేర్లు దొరికితే ఆ కాలపు మస్టర్ రోళ్లలో (కూలీల హాజరు పట్టీల్లో), జమాఖర్చు పుస్తకాల్లో దొరకాలి.

2021 జూన్‌లో మీ శాఖే యుద్ధాలు, సైనిక చర్యల చరిత్ర కోసం ఒక విధానం ప్రకటించింది. 25 ఏళ్లు దాటిన రికార్డులను నిపుణులతో పరిశీలింపజేసి నేషనల్ ఆర్కైవ్స్‌కు పంపాలన్నది అందులో ఉంది. స్వాతంత్ర్యం తర్వాతి యుద్ధాల కాగితాలకే ఆ దారి ఉన్నప్పుడు, నూటయాభై ఏళ్లు దాటిన కందకం ప్లానుకు అడ్డేమిటో నాకు అర్థం కావడం లేదు.

దయచేసి కంటోన్మెంట్, మిలిటరీ ఇంజనీరింగ్ ఆఫీసుల్లో ఉన్న 1947కు ముందటి ప్లాన్లకు, కాంట్రాక్టు ఫైళ్లకు ముందు ఒక జాబితా తయారు చేయించండి. ఇవ్వగలిగినవాటి నకళ్లు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో పెట్టించండి. మా పిల్లలు ఢిల్లీ దాకా పోనక్కర్లేకుండా చదువుకుంటారు. కందకం, బురుజులు ఇంకా ఎంత మిగిలాయో మీ ఇంజనీర్ల సమక్షంలోనే కొలిచి, ఫొటోలు తీసి భద్రపరచనివ్వండి. చెన్నైలోని సెయింట్ జార్జి కోటలో సైన్యమూ ఉంది, మ్యూజియమూ ఉంది. తిరుమలగిరికి అంత కూడా అడగడం లేదు. ఏడాదికి ఒక్కరోజు, జూలై 17న, గుర్తింపు కార్డులు చూసే సరే, బడి పిల్లలను కందకం దాకా రానిస్తే చాలు.

పాత కాగితం వానాకాలాలకు తట్టుకోదు. జాబితా పని ఈ ఏడాదే మొదలుపెట్టించమని మనవి.

ఇట్లు,
తిరుమలగిరి నుంచి ఒక స్థానిక చరిత్ర పరిశోధకుడు