పైన ఉన్న రూల్ చూడు, బుజ్జమ్మా

తెనాలి

బుజ్జమ్మా,

మీ ఆసుపత్రిలో ఏ వీడియో కాల్ ఏ గదికి పోవాలో చెప్పే రూల్ రాశాను, అయినా 7812కి చేస్తే డాక్టరు గదికి పోవడం లేదని రాత్రి ఫోన్‌లో నువ్వు విసుక్కుంటుంటే ఏదో చెప్పబోయి ఊరుకున్నాను. ఇలాంటివి చెవిలో చెబితే ఎక్కవు, కాగితం మీద ఉండాలి. అందుకే పొద్దున్నే కాఫీ తాగి కూర్చున్నాను.

నీ రూల్‌లో తప్పు లేదు. 78తో మొదలయ్యే నాలుగంకెల నంబర్లన్నీ డాక్టర్ల గదులకు పోవాలి, అంతేగా? 78 పక్కన రెండు చుక్కలు పెట్టి అలాగే రాశావు, ఒక్కో చుక్క దగ్గర ఏ అంకె వచ్చినా సరే అని. ప్రయారిటీ, అంటే రూల్స్ వరసలో దాని చోటు, 50 ఇచ్చావు. కానీ నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ పెద్దది చేసి చూస్తే, 40 దగ్గర ఎవరో ఎప్పుడో రాసిన రూల్ ఒకటి తిష్ట వేసుకుని ఉంది. 7 పక్కన మూడు చుక్కలు, పంపేది మీటింగ్ హాలుకి. 7812 దానికీ సరిపోతుంది కదా. ఇంక నీ రూల్ దాకా కాల్ దిగి వస్తేగా!

ఈ తప్పు నేనూ చేశాను. 2020 జనవరిలో వీఆర్ఎస్ తీసుకుని, కరోనా రోజుల్లో ఆ ఆసుపత్రి వాళ్ల వీడియో కాన్ఫరెన్స్ పనికి కుదిరానే, అప్పుడు. నాది టెలిఫోన్ ఎక్స్ఛేంజి బుర్ర. నువ్వు క్యారేజీ తెచ్చి, ఏసీ చల్లగా ఉందని కదలకుండా కూర్చునేదానివి, గుర్తుందా? ఎక్స్ఛేంజిలో అంకెలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోతాం. బెంగళూరు 080, గుంటూరు 0863, మన తెనాలి 08644. సున్నా, ఎనిమిది దాకా ముగ్గురిదీ ఒకే దారి. మూడో అంకె దగ్గర బెంగళూరు విడిపోతుంది, నాలుగో అంకె దగ్గర గుంటూరూ తెనాలీ వేరవుతాయి. ఎవరి కోడ్ ముందు ఎక్కించామన్నది అక్కడ లెక్కలోకే రాదు. ఈ వీడియో కాల్స్ రూల్స్‌లోనూ అంతే అనుకున్నాను. కాదు. ఇక్కడ పైనుంచి చూసుకుంటూ వస్తుంది, మొదట సరిపోయినదాని వెంట వెళ్లిపోతుంది. జిల్లా డాక్టరుగారి కాల్ నేరుగా మేనేజ్‌మెంట్ మీటింగ్ మధ్యలో మోగింది. వాళ్లు నవ్వేశారు గానీ, నాకు మాత్రం చెమటలు పట్టాయి.

నీ రూల్‌ని 40 కంటే ముందుకు తీసుకురా, 35 చాలు. 1, 2 అని మొదలుపెట్టకు, రేపు మధ్యలో ఇంకోటి ఇరికించాలంటే చోటుండదు. మీ వీడియో కాల్స్ నడిపే సాఫ్ట్‌వేర్ పెక్సిప్ కాబట్టి చిన్న అంకెదే ముందు వరస. అలాంటిదే ఇంకోటి, సిస్కో మీటింగ్ సర్వర్‌లో పెద్ద అంకె ముందు. అక్కణ్ణుంచి ఇక్కడికి మారినవాళ్లు ఎంతమంది తికమక పడ్డారో!

ఇంకొకటి అన్నావు, జిల్లాల్లోని పాత వీడియో యూనిట్ల నుంచి చేస్తే మీటింగ్ హాలుకి పోతోంది, ల్యాప్‌టాప్ నుంచి చేస్తే అసలెక్కడికీ పోవడం లేదని. అవి రెండు వేరే వేరే జబ్బులు. పాత యూనిట్లు హెచ్.323 అనే పాత కాల్ పద్ధతి మీద ఉత్త 7812 పంపుతాయి. ల్యాప్‌టాప్ నుంచి ఎస్ఐపీ అనే ఇంకో పద్ధతిలో వచ్చేటప్పుడు 7812కి తోకగా, ఈమెయిల్ అడ్రసులోలాగా, అట్ గుర్తు, మీ డొమైన్ పేరు ఉంటాయి. పెక్సిప్‌లో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా సరిపోవాలి, సగం సరిపోతే సరిపోనట్టే. నీ రూల్‌లో తోక లేదు, ఆ 40 దాంట్లోనూ లేదు.

తోకతో వచ్చినా, తోక లేకుండా వచ్చినా ఒప్పుకునేలా రాయి. అంతేగానీ, రాత్రి అన్నావే, చుక్క పక్కన నక్షత్రం పెట్టేస్తే గొడవ వదులుతుంది కదా అని, ఆ పని చెయ్యకు. ఏది వచ్చినా సరే అని దాని అర్థం. బయటి ఫోన్ లైన్లకు పోయే రూల్‌లో నేను అదే పెట్టి ఇంటికొచ్చి పడుకున్నాను. తెల్లారి లాగ్ తెరిస్తే రాత్రి రెండింటి నుంచి వరసగా కాల్స్. కాల్ చేసిన ప్రోగ్రాం పేరు చూడు, 'ఫ్రెండ్లీ స్కానర్' అట! ముందు 00 పెట్టి, 900 పెట్టి, ఏ దారిన విదేశీ నంబరు తగులుతుందా అని తలుపులన్నీ తట్టి చూసింది. కొన్ని తగిలాయి కూడా. ఆ నెల బిల్లు చూసి మా సార్ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. అప్పట్నుంచి బయటికి పోయే రూల్ ఏదైనా సరే, మన దగ్గర రిజిస్టరైన పరికరాల నుంచి వచ్చిన కాల్స్‌కే అన్న టిక్ పెట్టకుండా సేవ్ కొట్టలేదు.

ఆ 40 రూల్‌ని మాత్రం తీసెయ్యకు. రాసినవాడు ఉద్యోగం మానేసి ఉండొచ్చు గానీ, దాని మీద ఏ గది ఆధారపడి ఉందో మనకు తెలియదు.

పగలు ముట్టుకోవద్దు. రాత్రి ఓపీలు అయ్యాక మార్చు, మార్చేముందు రూల్స్ పేజీ మొత్తం ఫోటో తీసి పెట్టుకో. నా పాత ల్యాప్‌టాప్‌లో ఎస్ఐపీ కాల్స్ చేసే ప్రోగ్రాం, లిన్‌ఫోన్, ఇంకా ఉంది. తొమ్మిదిన్నరకి ఇక్కణ్ణుంచి నేను 7812కి తోకతో సహా కొడతాను. నువ్వు ఆ గదిలో కూర్చో, అమ్మ కూడా పక్కనే ఉంటానంది.

నాన్న