టైర్లతో బడి కట్టారు, మనకి రేకుల షెడ్డు కూడా కష్టమేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

జెరూసలేం నుంచి జెరికో వెళ్లే హైవే పక్కన, ఎడారిలో ఖాన్ అల్ అహ్మర్ అని చిన్న ఊరుంది. గొర్రెలు, మేకలు మేపుకునే జహాలిన్ తెగ బెదూయిన్లు ఉంటారక్కడ. కాంక్రీటు కట్టడానికి ఇజ్రాయెల్ పర్మిషన్ ఇవ్వదు కాబట్టి 2009లో ఊరివాళ్లు, ఒక ఇటలీ సంస్థ కలిసి పాత టైర్లలో మట్టి కూరి, వరసలుగా పేర్చి, పైన మట్టి మెత్తి బడి కట్టేశారు. టీచర్లని పాలస్తీనా విద్యాశాఖ పంపింది. 2018లో ఆ ఊరిని కూల్చొచ్చని ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు చెప్పింది కూడా, అంత టెన్షన్‌లోనూ పిల్లలు బడికి వెళ్లారు.

మన శ్రీకాకుళం జిల్లా మందస, మెళియాపుట్టి కొండల మీద సవర గిరిజనుల గూడల్లో బడి కడితే కూల్చేవాళ్లెవరూ లేరు. అడ్డొచ్చేదల్లా 'స్ట్రెంత్ లేదు' అన్న మాటే. విద్యాహక్కు చట్టం రూల్స్‌లో ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపే ఉండాలని రాసుకున్నాం, సరే, ఆ కిలోమీటరు మధ్యలో గెడ్డ (వాగు) ఉంటే? వానలకి అది పొంగితే ఆరేళ్ల పిల్లని ఏ తల్లి దాటిస్తుంది? హాస్టల్లో వేసేయండి అంటారు. ఒకటో తరగతి బుడ్డోళ్లకి హాస్టలేంటండీ!

షెడ్డు గూడవాళ్లే వేసుకుంటారు. బడి ఎన్నింటికి పెట్టాలో, జీడిపిక్కల సీజన్లో సెలవులెప్పుడో కూడా అక్కడి తల్లులకే వదిలెయ్యండి. సర్కారు జీతం, పుస్తకాలు, మధ్యాహ్న భోజనం ఇస్తే చాలు. సవర మాట్లాడే ఇంటర్, డిగ్రీ కుర్రాళ్లు పనుల కోసం చెన్నై, హైదరాబాద్ పోతున్నారు, వాళ్లలో ఒకరిని టీచరుగా పెట్టండి. ఇలా తల్లుల కమిటీలకి అప్పగిస్తే గొడవలొస్తాయని కొందరి భయం. ఇప్పుడున్న స్కూల్ కమిటీల్లో సంతకాలు తప్ప ఏం జరుగుతోంది గనక?

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి ఫొటోకి దండ వేసి వ్యావహారిక భాష మీద ఉపన్యాసాలిస్తాం, ఆయన సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకి బళ్లు పెట్టిన సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

2022లో జిల్లాలు విడిపోయాక గిరిజనుల పనులు చూసే సీతంపేట ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పార్వతీపురం మన్యం జిల్లాకి పోయింది. కాబట్టి అడుగుతున్నది మన కలెక్టర్ గారినే. వచ్చే జూన్లో బళ్లు తెరిచేలోపు ఏదో ఒక గూడలో ట్రయల్‌గా మొదలుపెట్టించండి.

– ఒక పాఠకుడు, పలాస